ఎదగబోయే కుర్రాడికి చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఫలానా ఆటగాడికి ఫలానా విశ్వవిద్యాలయం ఇన్ని లక్షల డాలర్లు ముట్టజెప్పిందన్న వార్తలు క్రీడా పుటల్లో తరచుగా వస్తున్నాయి. ఆ డబ్బు వల్ల కోచ్‌లు కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి ఎంతగా మారిపోయిందో మాత్రం ఎక్కడా చదవలేదు. అసలు చెప్పుకోవలసింది ఆ మార్పు గురించేనని నా అభిప్రాయం.

చాలాకాలం పాటు ఈ ఎంపిక దాదాపు జోస్యం చెప్పడం వంటిదే. పదహారు, పదిహేడేళ్ల హైస్కూలు విద్యార్థి ఇరవై ఒకటో ఏట ఎలా ఆడతాడో కోచ్ ముందే ఊహించాలి. అందుకే అసిస్టెంట్ కోచ్‌లు వేసవిలో, స్కూళ్లకు వెలుపల నడిచే ఏఏయూ అనే కుర్రాళ్ల జట్ల పోటీల చుట్టూ తిరిగేవారు, ఇప్పటికీ తిరుగుతున్నారు. వాటిలో పేరున్న పోటీలకు నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్ వంటి బూట్ల కంపెనీలే పెట్టుబడి పెడతాయి. ఎత్తు, చేతుల పొడవు, పాదాల కదలిక ఎవరికైనా కనిపిస్తాయి. మైదానం నుంచి వెనక్కి పిలిచినప్పుడు బెంచీ మీద ఆ కుర్రాడు ఎలా కూర్చుంటాడో చూడగలిగినవాడే మంచి కోచ్. నచ్చినవాడిని, అతని తల్లిదండ్రులను కాలేజీ తన ఖర్చుతో పిలిపించుకుంటుంది. ప్రాక్టీసు కోర్టులు చూపిస్తుంది, జట్టు జెర్సీ తొడిగి ఫొటోలు తీయిస్తుంది. ఎప్పుడు కలవవచ్చో, ఎప్పుడు కలవకూడదో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ క్యాలెండర్ నిర్ణయిస్తుంది.

ఈ జోస్యం తప్పడం మామూలే. తరవాత అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మేటి ఆటగాడైన స్టెఫెన్ కర్రీ హైస్కూలు ముగించినప్పుడు సన్నగా, చిన్నగా ఉన్నాడని పెద్ద జట్లేవీ అతనికి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. తండ్రి డెల్ కర్రీ ఆడిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ లేకుండానే జట్టులో చేరమంది. నమ్మినవాడు డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ కోచ్ బాబ్ మెక్‌కిలప్. 2008లో ఆ కాలేజీ ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచింది. కర్రీ అక్కడ మూడేళ్లు ఆడాడు. ఇవాళైతే, మొదటి ఏడాదే ఆటకు సగటున 21.5 పాయింట్లు సాధించిన అటువంటి కుర్రాడిని రెండో ఏడాదికి డేవిడ్‌సన్‌లో ఉండనిచ్చేవారా అన్నది నా సందేహం.

ఎందుకంటే, 2018లో, కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. అంతకుముందు కాలేజీ మారితే సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. 2021లో ఒకసారికి ఆ అడ్డు తొలగించారు, 2024లో చదువులో అర్హత ఉన్నవారికి ఎన్నిసార్లైనా మారే వీలు కల్పించారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు ప్రఖ్యాతులతో సంపాదించుకోవచ్చు. క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ ఒప్పందం ప్రకారం కాలేజీయే తన క్రీడాకారులందరికీ కలిపి మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. ఈ ఒప్పందంలో చేరిన కాలేజీల బాస్కెట్‌బాల్ జట్టులో ఉండేది పదిహేను మందే. కాలేజీ స్థాయిలో రెండేళ్లు ఆడి నిలదొక్కుకున్న ఇరవై రెండేళ్ల యువకుడు పోర్టల్‌లో దొరుకుతుంటే, ఉద్యోగ భయం ఉన్న ఏ కోచ్ అయినా పద్దెనిమిదేళ్ల కుర్రాడి కోసం మూడేళ్లు ఎందుకు ఓపిక పడతాడు? డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక్క ఏడాది ఆడి, ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో మొదటి ఆటగాడిగా ఎంపికైన కూపర్ ఫ్లాగ్ వంటివారికి ఎప్పుడూ గిరాకీయే. నష్టపోతున్నది వారి తరవాతి వరుసలో, ఇంకా ఎదగవలసిన కుర్రాళ్లు.

ఆటగాళ్లకు డబ్బు అందడాన్ని నేను తప్పుపట్టను. 2017లో ఎఫ్‌బీఐ లంచాల కేసులో నలుగురు అసిస్టెంట్ కోచ్‌లతో సహా పదిమందిని అరెస్టు చేసినప్పుడే తేలిపోయింది, ఈ రంగంలో డబ్బు చాటుగా ఎప్పటినుంచో ప్రవహిస్తోందని. అది బహిరంగం కావడం మేలే. నా అభ్యంతరమల్లా పెంచినవాడికి ఏమీ మిగలకపోవడం మీద. చిన్న కాలేజీ కోచ్ ఎవరూ చూడని కుర్రాడిని వెతికి పట్టుకుని, తీర్చిదిద్దుతాడు. వసంతం వచ్చేసరికి పెద్ద కాలేజీ తీసుకుపోతుంది.

అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో దీనికొక మార్గం ఉంది. యువ ఆటగాడు దేశం దాటి మరో క్లబ్బుకు మారినప్పుడు, అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బుకు ఫిఫా నిబంధనల ప్రకారం పరిహారం అందుతుంది. అమెరికా కాలేజీలు ఇటువంటి నియమాన్ని పెట్టుకుంటే, మెక్‌కిలప్ వంటివారు మళ్లీ ధైర్యంగా హైస్కూలు వైపు చూస్తారు. అయితే ఆ సొమ్ము ఆటగాడి వాటాలోంచి కోయకూడదు, చెల్లించలేదన్న సాకుతో అతన్ని ఆపకూడదు. అతన్ని తీసుకుంటున్న కాలేజీయే క్రీడాకారులకు పంచే సొమ్ము పరిమితికి బయట దాన్ని భరించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు