మా ఆవును నిలబెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

పలమనేరు ప్రాంతంలో మాలాంటి చిన్న రైతులకు ఒకటి రెండు జెర్సీ సంకరజాతి ఆవులే ఇంటి ఖర్చులకు ఆధారం. ఈమధ్య ఈనిన మా ఆవు మేత ముట్టక, పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది రెండు లీటర్లకు దిగిపోయినప్పుడు మమ్మల్ని ఆదుకున్న వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ముందుగా మా పక్కింటి పెద్దమ్మకు నమస్కారాలు. దాణా మార్చి చూద్దామని మేము అనుకుంటుండగా, తోకకూ తొడల వెనుకా అంటుకున్న ఎర్రమట్టి రంగు నీళ్లలాంటి స్రావాన్ని చూసి, దాని దుర్వాసనను బట్టి "ఇది మేత లోపం కాదు నాయనా, గర్భసంచిలో చెడింది, డాక్టరు గారిని పిలవండి" అని చెప్పింది ఆమే.

పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేస్తే సంచార వాహనంలో వచ్చిన పశువైద్యుల ఋణం తీర్చుకోలేనిది. జ్వరం 104 డిగ్రీలు ఉందని చూసి, భుజం దాకా తొడుగు వేసుకుని పరీక్షించి, మాయ, అంటే దూడ వెనుక బయటపడవలసిన పొర, తునక ఒకటి లోపలే నిలిచి కుళ్లుతోందని తేల్చారు. మాయ మామూలుగా ఈనిన 12 గంటల లోపు పడిపోతుందని, పడలేదని చేత్తో బలవంతంగా లాగితే గర్భాశయం లోపలి పొర చిరిగి చీము మరింత పడుతుందని, అందుకే లాగకుండా మందులతోనే నయం చేస్తానని చెప్పారు. పాలు ఎందుకు తగ్గాయో ఆయన విడమరచి చెప్పిన తీరును మాత్రం నేను మరువలేను: గర్భసంచిలో పెరిగిన సూక్ష్మజీవుల విషం రక్తంలో కలిసి జ్వరం తెచ్చి ఆకలిని చంపుతుంది, ఈనిన తొలి రెండు నెలల్లో పాలు పెరగవలసిన సమయంలోనే తిండి తగ్గితే, జబ్బు నయమైనా ఆ ఈతంతా పాలు పూర్తిగా పుంజుకోకపోవచ్చు. చీము మిగిలిపోతే ఆవు చూడి కట్టడమూ ఆలస్యమవుతుంది కనుక, నష్టం తర్వాతి ఈత దాకా సాగుతుంది.

సాయంత్రం పూట వచ్చి జ్వరం చూసి వెళ్లిన, ఊళ్లో పశువులకు సేవ చేసే గోపాలమిత్ర తమ్ముడికీ, సూదిమందుల గడువు ముగిసేదాకా మేము పాలు పోయకపోయినా దాణాకు ముందుగా డబ్బు సర్దిన పాల కేంద్రం అక్కకూ కృతజ్ఞతలు. ఆ పాలలో మందు కలిసి ఉంటుంది కనుక పోయకపోవడమే న్యాయమని ఆమె అందరి ముందు అనడం మాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

ఆవు ఇప్పుడు పచ్చిగడ్డి బాగా తింటోంది, పాలు మెల్లగా పెరుగుతున్నాయి. ఈనిన 40 రోజులు దాటాక గర్భసంచిని మరోసారి పరీక్షించి, ఎదలో జారే జిగురు తీగలు తేటగా ఉంటేనే చూడి కట్టే ఎద సూది వేయిద్దామని, ఆ పరీక్షకు తానే వస్తానని డాక్టరు గారు మాట ఇచ్చారు.