జూన్ నెల వార్తాలేఖ: డైరీలో మొదటి పేజీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ వారం బడి తెరిచాం. ఇదే వారంలో మన ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు కూడా మళ్ళీ వేటకి బయల్దేరుతున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా. ఆ రెండు నెలలూ అక్కడ ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోరు. వలలు బాగు చేసుకుంటారు, ఇంజన్ పని చూసుకుంటారు, బోటుకి రంగు వేస్తారు. మా విద్యార్థి ఒకరి నాన్నగారు బోటు మీద పని చేస్తారు. కిందటేడు మీటింగుకి వచ్చినప్పుడు ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "ఎన్ని రోజులకి వెళ్తున్నామో ముందే అనుకోవాలండీ. లేకపోతే ఐసు ఎంత ఎక్కించాలో తెలీదు. ఐసు చాలకపోతే పట్టిన చేప కూడా పాడైపోద్ది." ఈ నెల ఉత్తరం ఆ ఐసు లెక్క గురించే, అంటే పిల్లలు తమ లక్ష్యానికి ముందే ప్లాన్ వేసుకోవడం గురించి.

ముందుగా మా పొరపాటు ఒకటి చెప్పాలి. కిందటేడు జూన్‌లో ప్రతి క్లాసులోనూ పిల్లల చేత చార్టుల మీద లక్ష్యాలు రాయించాం. 'కలెక్టర్ అవుతాను', 'లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుంటాను', 'రోజూ తెల్లవారుజామునే లేస్తాను'. చార్టులు గోడల మీద ముచ్చటగా ఉన్నాయి. దసరా సెలవులయ్యేసరికి వాటి వైపు చూసేవాళ్ళే లేరు. దాన్ని ఆరంభశూరత్వం అని పిల్లల మీదకి నెట్టేయడం తేలిక. కానీ ఎప్పుడు, ఎక్కడ, ఎంత అని వాళ్ళని మేమే అడగలేదు.

సెలవుల తర్వాత అడిగాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు 'రోజూ లెక్కలు చేయాలి' అన్నది కొట్టేసి, కింద ఇలా రాసుకుంది: 'సాయంత్రం ఆరున్నరకి అన్నయ్య ట్యూషన్‌కి వెళ్ళగానే, వంటింటి పక్క బల్ల దగ్గర కూర్చుని నాలుగు లెక్కలు.' పక్కన నెల రోజులకి స్కేలుతో గళ్ళు గీసుకుంది. నెలాఖరుకి చూస్తే నాలుగు గళ్ళు ఖాళీ. వాళ్ళ అమ్మగారు ఆ పేజీ తీసేసి మళ్ళీ నీటుగా రాయిద్దామన్నారు. వద్దన్నాం. ఖాళీలన్నీ ఆదివారాలే. ఆదివారం అన్నయ్యకి ట్యూషన్ ఉండదు, బల్ల వాడి చేతిలో ఉంటుంది. అది ఆ అమ్మాయే కనిపెట్టి, ఆదివారం లెక్కల్ని పొద్దున ఏడింటికి మార్చుకుంది. ఆ పేజీ చించేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

'అన్నయ్య వెళ్ళగానే' అన్న ముక్క చూశారా, అదే అసలు కీలకం. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్ళు దీని మీదే పరిశోధన చేశారు. 'ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను' అని ముందే ముడివేసుకున్నవాళ్ళు, ఊరికే 'చేయాలి' అనుకున్నవాళ్ళ కంటే ఎక్కువగా పని పూర్తి చేస్తున్నారని ఆయన గమనించారు. ఆ సమయానికి మళ్ళీ ఆలోచించుకోవాల్సిన పని ఉండదు, గుర్తు దానంతట అదే వస్తుంది.

ఇంకో విషయం. ఏ పనికి ఎంతసేపు పడుతుందో పెద్దవాళ్ళమైనా తక్కువే వేస్తాం. కెనడాలో యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనం 1994లో వచ్చింది. తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందనుకున్న ఆ విద్యార్థులకి దాదాపు 55 రోజులు పట్టింది. కాబట్టి మీ అబ్బాయి గంటలో సైన్స్ పాఠం అయిపోతుందని రాసుకుంటే గంటన్నర వదలండి. గంటకి అవలేదని కోప్పడకండి. టెన్షన్ సగం అక్కడే మొదలవుతుంది.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకి ప్రత్యేకంగా ఒక మాట. ఆరు వందల మార్కుల్లో ఎన్ని రావాలన్నది ఇంట్లో అందరూ మాట్లాడుకునేదే, అందులో తప్పేమీ లేదు. దాని పక్కన పూర్తిగా పిల్లలదే అయిన లక్ష్యం ఒకటి ఉండనివ్వండి. ఈత నేర్చుకోవడం కావచ్చు, దస్తూరి బాగు చేసుకోవడం కావచ్చు, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ ముట్టుకోకపోవడం కావచ్చు. మీకది చిన్నదనిపించినా మార్చమని చెప్పకండి. తాను కోరుకున్నదాని కోసమే పిల్లలు ప్లాన్ వేసుకోవడం నేర్చుకుంటారని నా నమ్మకం.

ఈసారి చార్టులు లేవు. సోమవారం నుంచి ప్రతి విద్యార్థి డైరీలో మొదటి పేజీ దీనికే. రాయడం పిల్లల పని, దయచేసి మీ చేత్తో దిద్దకండి. ఆదివారం భోజనాలయ్యాక పది నిమిషాలు పక్కన కూర్చుని ఆ పేజీ చూడండి. ఖాళీ గడి కనబడితే 'ఎందుకు చేయలేదు' అనకుండా 'ఆ రోజు ఏం అడ్డొచ్చింది' అని అడగండి. వాళ్ళు చెప్పింది పక్కనే రాయించి, నెలాఖరు శనివారం మీటింగుకి వచ్చేటప్పుడు డైరీ వెంట తీసుకురండి. క్లాస్ టీచర్, మీరు, మీ పిల్లలు ముగ్గురూ కలిసి వచ్చే నెల పేజీ వేసుకుందురు గాని.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం