పోస్టుకార్డు వెనకవైపునూ అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లనాటి అమెరికా పోస్టుకార్డుల బొమ్మలను రెండు పేజీల నిండా ప్రచురించినందుకు కృతజ్ఞతలు. అమెరికా అనగానే న్యూయార్క్ మేడలూ వాషింగ్టన్ భవనాలూ చూపించే అలవాటును పక్కనపెట్టి, చిన్న పట్టణాల మెయిన్ స్ట్రీట్లను, రైల్వే స్టేషన్లను, కౌంటీ కోర్టులను ఎంచుకోవడం నాకు ఎంతో నచ్చింది. అయితే ఆనాటి సామాన్యుల జీవితమంతా ఈ బొమ్మల్లోనే ఉందన్నట్టుగా సాగిన వ్యాఖ్యతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. కార్డుకు రెండు వైపులుంటాయి. మీరు చూపినది ఒకవైపే; సామాన్యుల మాట చాలావరకు రెండో వైపున ఉంది.

అమెరికా తపాలా శాఖ 1873 నుంచీ ఒక సెంటు కార్డును తానే అమ్ముతూ వచ్చింది. ప్రైవేటు ముద్రాపకులు వేసిన కార్డును కూడా అదే ఒక్క సెంటు బిళ్లతో పంపుకోవచ్చని కాంగ్రెస్ 1898 మే 19న చట్టం చేసిన తరువాతే బొమ్మల కార్డుల వ్యాపారం ఊపందుకుంది. కానీ వెనకవైపున చిరునామా తప్ప మరొక్క అక్షరం రాయకూడదన్న నిబంధన 1907 మార్చి 1 వరకూ కొనసాగింది. అందువల్ల అంతకుముందటి కార్డుల్లో మాటలన్నీ బొమ్మవైపునే ఇరుక్కుని కనిపిస్తాయి. అంచున వదిలిన సన్నని తెల్లటి జాగా చాలక, కార్డును అడ్డంగా తిప్పి, చర్చి శిఖరం పక్కనున్న ఆకాశం మీద రాసి, చివరి రెండు ముక్కలను కాలిబాట మీద దూర్చినవారున్నారు. ఆ తేదీ తరువాత వెనకవైపును గీతతో రెండుగా విభజించి, ఎడమ సగాన్ని సందేశానికి వదిలారు. మీరు వేసిన బొమ్మల్లో రెండింటి మీద కనిపించే చేతిరాతను మరకలుగా భావించి చెరిపివేసే ప్రయత్నం జరిగినట్టుంది. ఆ రాతే ఆ కార్డు ఏ కాలానిదో చెప్పే సాక్ష్యం, దాన్ని ఉంచవలసింది.

1908 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలో అమెరికా తపాలా ద్వారా సుమారు 67.7 కోట్ల పోస్టుకార్డులు బట్వాడా అయ్యాయి. అప్పటికి ఆ దేశ జనాభా ఇంకా తొమ్మిది కోట్లకు చేరలేదు. ఇంత గిరాకీ కేవలం బొమ్మల అందం వల్ల వచ్చినది కాదు. పెద్ద నగరాల్లో ఇళ్లకు రోజుకు రెండుసార్లు ఉత్తరాలు అందేవి. పల్లెల్లో పొలాల మధ్య విడివిడిగా ఉన్న ఇళ్లకు తపాలా బండి వెళ్లే పద్ధతి 1896లో ప్రయోగంగా మొదలై 1902లో స్థిరపడింది. దానితో పోస్టుకార్డు తీరిక వేళ సరదాగా కాక, రోజువారీ పనిగా మారింది. గురువారం బండికి వస్తున్నాను స్టేషనుకు రండి, అమ్మకు జ్వరం తగ్గింది, మొక్కజొన్న కోత మొదలైంది, నీ ఉత్తరం రాలేదేమి: ఆ కార్డుల మీద ఎక్కువగా ఉండేవి ఇలాంటి మాటలే. హోటల్ బొమ్మ మీద ఒక కిటికీకి సిరాతో ఇంటూ గుర్తు పెట్టి, మా గది ఇదే అని రాయడం ఎంత సాధారణమో పాత కార్డులు తిరగేసినవారందరికీ తెలుసు. వేల సంఖ్యలో అచ్చయిన ఒకే బొమ్మ ఆ ఒక్క గుర్తుతో ఒక మనిషిది అవుతుంది.

ఇక రంగుల విషయం. మీరు వేసిన వాటిలో ఎక్కువ భాగం నలుపు తెలుపు ఫొటోకు ముద్రణలో రంగులద్దినవి. 1909లో దిగుమతి సుంకం పెరిగేదాకా, ఆ తరువాత మొదటి ప్రపంచ యుద్ధం దారి మూసేదాకా, ఇటువంటి కార్డులు పెద్ద ఎత్తున జర్మనీలో అచ్చయి వచ్చేవి. ఇటుక గోడ ఏ ఎరుపో, పచ్చిక ఏ పచ్చో నిర్ణయించినవారు చాలాసార్లు ఆ ఊరు చూసినవారు కారు. ఫొటోలో కనిపించే కరెంటు తీగలను చెరిపేవారు, పగటి ఫొటోకు చందమామను చేర్చి రాత్రి దృశ్యంగా మార్చేవారు. పైగా ఇవి ఊళ్లోని దుకాణదారులు అమ్ముకోవడానికి వేయించుకున్నవి కనుక ఊరి మేలైన వీధినే చూపుతాయి. బురద వీధీ పాకల వరసా వాటిలో అరుదు.

వాటికన్నా నిత్యజీవితానికి దగ్గరగా ఉన్నవి ఫొటో కాగితం మీదే నేరుగా ముద్రించిన కార్డులు. మీ పేజీల్లో వాటికి చోటు దక్కకపోవడం నాకు బాధ కలిగించింది. 1903లో ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థ విడుదల చేసిన 3ఎ మడత కెమెరా 3.25 అంగుళాల వెడల్పు, 5.5 అంగుళాల పొడవు నెగెటివ్‌ను ఇచ్చేది. అది సరిగ్గా పోస్టుకార్డు కొలత. వెనక చిరునామా గీతలు ముందే అచ్చయిన ఫొటో కాగితం కూడా దొరికేది. దానితో ఊరి ఫొటోగ్రాఫరే కాదు, ఇంట్లో కెమెరా ఉన్న ఎవరైనా కార్డు తయారుచేయగలిగారు. నెబ్రాస్కా మైదానాల్లో గడ్డి పెళ్లలతో కట్టిన ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్న కుటుంబాలు, నూర్పిడి యంత్రం చుట్టూ మసి మొహాలతో నిలబడ్డ కూలీలు, 1913లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరాన్ని ముంచిన వరద ఇలా నిలిచిపోయాయి. కొన్ని కార్డులకు రెండో ప్రతే ఉండదు.

ఒక చేదు నిజాన్ని కూడా ఈ సందర్భంలో దాటవేయకూడదు. నల్లజాతివారిని మూక హత్య చేసి, ఆ శవం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలను కూడా ఆ రోజుల్లో పోస్టుకార్డులుగా అమ్మారు, బంధువులకు పంపుకున్నారు. హత్యకు ప్రేరేపించే సామగ్రిని తపాలాలో పంపరాదని 1908లో చట్టాన్ని సవరించిన తరువాత కూడా అవి కవర్లలో తిరిగాయి. నల్లవారిని వెక్కిరించే వ్యంగ్య చిత్రాల కార్డులైతే మామూలు దుకాణాల్లోనే దొరికేవి. ఆ బొమ్మలను అచ్చువేయమని నేను కోరడం లేదు. కానీ "అమాయకమైన కాలం" అన్న మీ శీర్షికను ఈ సంగతి తెలిసినవారు చదివితే ఎలా ఉంటుందో ఆలోచించమని కోరుతున్నాను.

వాకర్ ఎవాన్స్ వంటి గొప్ప ఫొటోగ్రాఫర్ జీవితాంతం సేకరించిన సుమారు 9,000 పోస్టుకార్డులు నేడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ కర్ట్ టైక్ ముద్రణ సంస్థ కార్డులను భద్రపరచింది. ఇలాంటి కార్డులు అచ్చువేసిన డెట్రాయిట్ పబ్లిషింగ్ కంపెనీ గాజు నెగెటివ్‌లను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. కార్డుల రంగుకూ అసలు ఫొటోకూ తేడా అక్కడ ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు.

ఈ పోస్టుకార్డుల శీర్షికను కొనసాగిస్తామని ప్రకటించారు కనుక నా విన్నపం ఇది. ఇకపై ప్రతి కార్డుకూ రెండు వైపులనూ పక్కపక్కన వేయండి. తపాలా ముద్ర చదవగలిగితే ఊరినీ తేదీనీ కింద పేర్కొనండి. సందేశం ఉంటే దాన్ని తెలుగులో పూర్తిగా ఇవ్వండి. అక్షరదోషాలున్నాయనో, విషయం చిన్నదనో వదిలేయవద్దు. రంగులద్దిన కార్డును రంగులద్దినదిగానే చెప్పండి. స్థలం చాలదంటే బొమ్మల సంఖ్య సగానికి తగ్గించినా పాఠకులకు లోటుండదు.

ఇట్లు,
మీ పాఠకుడు