ఆ టైరు లైటు సంగతి: తప్పు మాదే

హనుమకొండలో మా టైర్ల షాపుకు వచ్చే అందరికీ నమస్తే. దసరా తర్వాత మా దగ్గర టైర్లు మార్పించుకున్న వాళ్ళలో పదిమంది పైనే ఒకే కంప్లైంటుతో మళ్ళీ వచ్చారు. మీటర్ బోర్డులో టైర్లో గాలి తగ్గిందని చెప్పే పసుపు లైటు, గుర్రపు నాడా లాంటి బొమ్మలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుందే, అది పొద్దున వెలుగుతుంది, కాసేపు నడిపాక ఆరిపోతుంది, మర్నాడు మళ్ళీ వెలుగుతుంది. షాపుకు తెస్తే ఉండదు. మేమేమో గాలి కొలిచే గేజీ పెట్టి చూసి "గాలి బానే ఉంది సార్, సెన్సరు ప్రాబ్లం అయ్యుంటుంది" అని పంపేశాం. ఒకరికైతే చక్రం లోపల గాలిని కనిపెట్టే ఆ సెన్సరు కొత్తది కూడా వేశాం. ఆ డబ్బులు వాపసు ఇచ్చేశాను.

ఒక టీచర్ మేడం నాలుగుసార్లు తిరిగి విసుగొచ్చి, ఒకరోజు పొద్దున ఐదున్నరకి మీటర్ బోర్డు ఫోటో వాట్సాప్‌లో పెట్టి "ఇప్పుడొచ్చి చూడండి" అన్నారు. సిగ్గేసి, కొత్తగా కొన్న డిజిటల్ గేజీ పట్టుకుని వెళ్ళాను. బండి రాత్రంతా బయటే ఉంది, అద్దం మీద మంచు, టైరు ముట్టుకుంటే చల్లగా ఉంది. నాలుగింటిలోనూ గాలి 24, 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గరే. డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీద 33 పీఎస్‌ఐ అని ఉంది, మేం పెట్టిందీ 33. మరి మిగతా గాలి ఎటు పోయింది?

పంక్చర్ లేదు, వాల్వు లీకు లేదు. షాపులో గాలి గొట్టానికున్న గేజీ మూడు ఎక్కువ చూపిస్తోంది, అంటే 33 అనుకుని కొట్టింది 30. పైగా మేడం బండి మధ్యాహ్నం కాజీపేట నుంచి ఎండలో వచ్చింది, వేడి టైర్ల మీదే గాలి కొట్టాం. వేడి ఐదారు డిగ్రీలు తగ్గితే దాదాపు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది, డిసెంబరు తెల్లవారుజామున మన దగ్గర చలి ఎట్లుంటదో చెప్పక్కర్లేదు, అలా ఇంకో ఐదు పోయింది. స్టిక్కర్ మీది నంబరు చల్లటి టైరుకి. నాకా సంగతి తెలియదనుకోకండి, తెలుసు, వెనక బండ్లు క్యూలో ఉంటే పట్టించుకోలేదు. మీరు పది గంటలకు షాపుకు వచ్చేసరికి టైర్లు వేడెక్కి లైటు ఆరిపోయేది, మా తప్పుడు గేజీ 31, 32 చూపించేది. నిజం చెప్పింది సెన్సరు ఒక్కటే, దాన్నే అనుమానించాం.

కొన్ని బండ్లలో చక్రం లోపల సెన్సరే ఉండదు. గాలి తగ్గిన టైరు కాస్త చిన్నదై మిగతావాటికంటే ఎక్కువ తిరుగుతుంది కదా, బ్రేకులు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఆ తేడాను పట్టుకుంటుంది. టైర్లు మార్చాక వాటికి రీసెట్ చేయాలి, మా కుర్రాడు రెండు బండ్లకు మర్చిపోయాడు. మీలో కొందరు లైటు పోగొట్టడానికి ఆ రీసెట్ మీరే చేసేస్తున్నారు. గాలి సరిచూడకుండా మాత్రం చేయొద్దు, ఉన్న తక్కువ గాలినే కరెక్టని అది గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ఇంకా తగ్గినా వెంటనే చెప్పదు.

స్టార్ట్ చేయగానే లైటు నిమిషం పైన మిణుకుమిణుకుమని, తర్వాత అలాగే వెలిగి ఉండిపోతే అది గాలి గొడవ కాదు, సిస్టంలోనే లోపం. ఏడెనిమిదేళ్ళ బండి అయితే సెన్సరు బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, దాన్ని విడిగా మార్చడానికి ఉండదు, సెన్సరే మార్చాలి. కొత్త బండి అయితే టైరు ఊడదీసేటప్పుడు మెషిన్ తగిలి విరిగిందేమో చూడాలి. మా చేతిలో ఒకటి అలాగే విరిగింది, మా ఖర్చుతోనే వేశాం.

సంక్రాంతి దాకా షాపు పొద్దున ఆరింటికే తీస్తాం, గాలి చూసినందుకు డబ్బులు తీసుకోం. దూరం నుంచి వచ్చేవాళ్ళు బండి తీయగానే లైటు ఫోటో ఒకటి కొట్టి పెట్టుకోండి, షాపుకు వచ్చేసరికి ఆరిపోయినా ఫర్వాలేదు. మా మాట విని బయట సెన్సరు వేయించుకున్నవాళ్ళు ఉంటే బిల్లు తెండి, కూర్చుని మాట్లాడుకుందాం. పాత గేజీ గొట్టం నుంచి పీకేశాను, కుర్రాళ్ళు అలవాటు కొద్దీ మళ్ళీ తగిలిస్తారేమోనని ఇంటికే తీసుకెళ్ళిపోయాను.