ఈ వారం చర్చాంశం: మౌండ్ బాయూ

సభ్యులకు నమస్కారం. ఈ వారం అమెరికా దక్షిణాదిలో, మిసిసిపీ డెల్టాలో ఉన్న మౌండ్ బాయూ అనే చిన్న పట్టణం గురించి చర్చించుకుందాం. బానిసత్వం నుంచి బయటపడిన ఐజయా మాంట్‌గోమరీ, ఆయన బంధువు బెంజమిన్ గ్రీన్ 1887లో రైల్వే కంపెనీ నుంచి అడవి నేల కొని, నల్లజాతివారు తమను తామే పాలించుకునే ఊరిని నిలబెట్టారు. అయితే 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగ సభలో ఏకైక నల్లజాతి ప్రతినిధి అయిన ఆ మాంట్‌గోమరీయే తనవారి ఓటుహక్కును హరించే నిబంధనలను సమర్థించారు. ఎవరెన్ని కారణాలు చెప్పినా అది నాకు మింగుడుపడదు. ఊరి సామాజిక జీవితానికి ఆయువుపట్టు మాత్రం 1942లో ప్రారంభమైన టాబోరియన్ ఆసుపత్రి. 'నైట్స్ అండ్ డాటర్స్ ఆఫ్ టాబర్' అనే నల్లజాతివారి పరస్పర సహాయ సంఘం సభ్యులు కట్టే చందాలతో నడిచిన ఆ ఆసుపత్రిలోకి, నల్లవారికి తక్కినచోట్ల పక్క గుమ్మాలే దిక్కయిన రోజుల్లో, పత్తి చేల కూలీలు ముందు గుమ్మం నుంచే ప్రవేశించేవారు. మీ అభిప్రాయాలను ఆదివారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.