మన ప్లీడరు గారు లేరు: మా టైపింగ్ సెంటర్ కస్టమర్లకు కొన్ని ముఖ్యమైన సంగతులు

కోర్టు ఎదురుగా ఉన్న మా జిరాక్స్, టైపింగ్ సెంటర్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

మన ప్లీడరు గారు పోయిన నెల కాలం చేశారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. కానీ వాయిదాలకి మాత్రమే వచ్చి వెళ్ళేవాళ్ళు కొందరు ఇప్పటికీ మా షాపు మెట్లెక్కి "అయ్యగారు కోర్టులో ఉన్నారా, ఇంటికెళ్ళారా" అని అడుగుతున్నారు. ప్రతిసారీ నోటితో చెప్పడం నాకూ కష్టంగా ఉంది, వినేవాళ్ళకీ కష్టంగా ఉంది. ఆయన లేకపోవడం వల్ల మా షాపులో కొన్ని పనులు ఆగిపోతున్నాయి కూడా. అవి కూడా దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా కేసులు నడుస్తున్నవాళ్ళ సంగతి. ఆయన వేసిన వకాలత్ (మీ తరఫున వాదించడానికి లాయరుకి మీరు రాసిచ్చే కాగితం) ఆయనతోనే ముగిసిపోయింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4లో ఉన్నదదే: కక్షిదారు గానీ లాయరు గానీ చనిపోతే ఆ వకాలత్ ఇక చెల్లదు. కాబట్టి మీకు నమ్మకమున్న లాయరు చేత కొత్త వకాలత్ వేయించుకోవాలి. మామూలుగా లాయరును మార్చాలంటే పాత లాయరు "అభ్యంతరం లేదు" అని రాసివ్వాలి. లాయరే కాలం చేసినప్పుడు ఆ కాగితం అక్కర్లేదు. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. కొత్త లాయరు దొరకలేదని వాయిదాకి వెళ్ళడం మాత్రం మానొద్దు. పేరు పిలిచినప్పుడు నిలబడి "మా లాయరు గారు చనిపోయారండి, ఇంకొకరిని పెట్టుకోడానికి టైం ఇప్పించండి" అని జడ్జి గారికి మీరే చెప్పుకోవచ్చు. ఎవరూ వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ చేసే, అంటే మీరు లేకుండానే కేసు తేల్చేసే ప్రమాదం ఉంది.

వాయిదా తేదీ తెలియక టెన్షన్ పడుతున్నవాళ్ళు కేసు నంబరు తెచ్చుకోండి. ఒక్కో కేసుకి విడిగా ఇచ్చే సీఎన్ఆర్ నంబరు ఉంటే మరీ మంచిది. అక్షరాలూ అంకెలూ కలిసి 16 ఉంటాయి. కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో చూసి తేదీ రాసిస్తాం, దానికి డబ్బు తీసుకోం. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళు కోర్టులోనే ఉన్న న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఈ నంబరు మా కౌంటర్ అద్దం మీద పెద్దక్షరాలతో అంటించాం. అంటించమన్నది ఆయనే.

ఇక ఆయన గురించి.

నాన్న టైపు మిషన్ల రోజుల నుంచి ఆయన మా షాపుకి వస్తున్నారు. నల్లకోటు చేతి మీద వేసుకుని, కోర్టు అయ్యాక ఇంటికెళ్ళే దారిలో ఆగి, ఆ రోజు మేం తయారుచేసిన డ్రాఫ్టులు చూసేవారు. అమ్మకం అగ్రిమెంట్లు, అద్దె అగ్రిమెంట్లు, వీలునామాలు, ప్రోనోట్లు, ఏవైనా సరే. దానికి మా దగ్గర ఎన్నడూ పైసా తీసుకోలేదు. నాన్న ఇవ్వబోతే "తప్పు కాగితం మీద సంతకం పెట్టినవాడు రేపు నా దగ్గరికే ఏడుస్తూ వస్తాడు, ఇప్పుడే చూస్తే నాకూ పని తగ్గుతుంది" అన్నారట. నా హయాంలోనూ అదే మాట.

ఆయన కాగితం చూసే పద్ధతి ఒకటి చెప్పాలి. మొదటి పేజీ చదవరు. ముందు చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు రాసిన చోటు తీస్తారు. పొలం అమ్మే మనిషిని పక్కన నిలబెట్టుకుని "కళ్ళు మూసుకో. నీ చేలో మధ్యన నిలబడ్డావనుకో. తూర్పుకి తిరుగు. ఎదురుగా ఎవరి గట్టు?" అని అడుగుతారు. ఆ తర్వాత దక్షిణం, పడమర, ఉత్తరం. వాళ్ళు ఒక్కో పేరూ చెప్తుంటే ఆయన వేలు కాగితం మీద ఒక్కో లైనూ దిగుతుంది. చాలాసార్లు ఆ వేలు మధ్యలో ఆగిపోయేది. పాత దస్తావేజులో ఉన్న పేరుని మేం అలాగే దించేసి ఉంటాం, ఆ గట్టు మనిషి ఎప్పుడో అమ్ముకుని వెళ్ళిపోయి ఉంటాడు. మా కుర్రాళ్ళందరూ ఇప్పుడు హద్దులు టైపు చేసేముందు కస్టమర్‌ని ఇలాగే అడుగుతారు. ఇది ఆయన నేర్పిన పనే, ఇకముందు కూడా ఆగదు.

ప్రోనోటు తెచ్చిన వాళ్ళని ముందు తేదీ అడిగేవారు. నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళు. గడువు దగ్గర పడిందని కంగారుగా దావా వేయించడానికొచ్చిన ఒక పెద్దాయన్ని ఆయన మా షాపులోనే కూర్చోబెట్టి "అప్పు తీసుకున్నవాడితో నీకు మాటలున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాడాయన. "అయితే వెళ్ళి కొంత జమ కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి, తేదీ వేయించి, అతని చేత సంతకం పెట్టించు. అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. కోర్టు ఫీజు, నా ఫీజు, నీ తిరుగుళ్ళు, అన్నీ మిగుల్తాయి" అన్నారు. దావా వేయించి ఉంటే ఆయనకి ఫీజు వచ్చేదే. పిల్లల చదువుల మధ్య డబ్బుకి ఇబ్బందిపడుతున్న రోజులవి, నాకు తెలుసు. అయినా అదే చెప్పారు.

ఆడపిల్లల ఆస్తి విషయంలో ఆయనంత గట్టిగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు. అన్నదమ్ములు చెల్లెల్ని వెంటబెట్టుకుని హక్కు విడుదల దస్తావేజు టైపు చేయించడానికి వస్తే, అన్నదమ్ముల్ని బయట బెంచీ మీద కూర్చోమని, ఆమెతో విడిగా మాట్లాడేవారు. "ఏమ్మా, నీ వాటా ఎంతో తెలిసే వదులుకుంటున్నావా?" అనేవారు. ఒకప్పుడు దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉండేదట: "నీ పెళ్ళి ఏ సంవత్సరంలో అయింది?" ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, దేశమంతటికన్నా చాలా ముందే. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన వాళ్ళకి అది వర్తించలేదు. ఒకే ఇంట్లో చిన్న కూతురికి హక్కు, పెద్ద కూతురికి లేదు. 2005లో కేంద్రం చట్టం మార్చాక పెళ్ళి తేదీతో పని లేకుండా పోయింది. తండ్రి అప్పటికి బతికుండాలా అన్న గొడవ మిగిలితే, అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వచ్చిన రోజు ఆయన ప్రింటు తీయించుకుని అక్కడే నిలబడి చదివారు. "ఇక పెళ్ళి సంవత్సరమే కాదు, తండ్రి ఎప్పుడు పోయాడో కూడా అడగక్కర్లేదురా అబ్బాయ్" అన్నారు. ఆయన తన సొంత అక్కగారికి ఇవ్వాల్సిన వాటాని ఆవిడ అడక్కముందే రిజిస్టర్ చేసి ఇచ్చారు. ఆ దస్తావేజు టైపు చేసింది మా నాన్నే.

కేసు రాజీ అయితే ఆయనకి పండగ. లోక్ అదాలత్ రోజున మా షాపు జిరాక్స్ మిషన్‌కి ఊపిరాడదు. ఆయన అటూ ఇటూ పరిగెత్తినట్టే నడిచేవారు. అక్కడ రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, దానిమీద అప్పీలు ఉండదు, కోర్టు ఇచ్చే డిక్రీతో (తీర్పుతో) సమానం. గోడ దగ్గర నీళ్ళు పోయే దారి కోసం ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరు అవార్డు (ఆ రాజీ తీర్పు) కాపీ తీయించుకుని ఒకే ఆటో ఎక్కి వెళ్ళడం నేను చూశాను. ఆయన ఆ ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు.

ఇంటి మనిషిగా ఆయన ఎలాంటివారో కోర్టులో చూసినవాళ్ళకి తెలియదు. నాకు తెలిసింది డైరీ వల్ల. ఏటా ఆయన వాయిదా డైరీకి గట్టి అట్ట వేసి బైండింగ్ చేసేది మేమే. అందులో వాయిదాలన్నీ నల్ల సిరాతో ఉండేవి. అదే పేజీలో, అదే వరుసలో ఆకుపచ్చ సిరాతో ఇంటివి ఉండేవి: పెద్దమ్మాయి పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, చిన్నమ్మాయి బళ్ళో నాటకం, అత్తగారి కంటి డాక్టరు, పెళ్ళిరోజు. ఆకుపచ్చ సిరా ఉన్న పూట ఇంకో పని పెట్టేవారు కాదు. "ఆ సాయంత్రం నాకు వేరే వాయిదా ఉందండీ, పొద్దున రండి" అని ఎంత పెద్ద పార్టీకైనా చెప్పేసేవారు. సాయంత్రం ఆఫీసులో కూర్చోకపోతే ప్రాక్టీసు పెరగదని తోటి లాయర్లు అనేవారు. నిజంగానే ఆయన ప్రాక్టీసు అంతగా పెరగలేదు. చివరిదాకా అదే స్కూటరు, అదే ఇల్లు. కానీ ఆ ఇద్దరమ్మాయిలు నాన్న గురించి చెప్తుంటే విన్నప్పుడు, ఆ సాయంత్రాలు ఎక్కడికి పోయాయో అర్థమైంది.

వాళ్ళమ్మగారు టీచరు. కొన్నేళ్ళు దూరపు ఊరికి ట్రాన్స్‌ఫరై మొదటి బస్సుకే వెళ్ళిపోయేవారు. అప్పట్లో పిల్లలిద్దరికీ జడలు వేసింది ఆయనే. వరండాలో పొద్దున్నే కక్షిదారులు కూర్చుని ఉండేవారు. ఆయన రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని, దువ్వెనతో పాపిడి తీస్తూ, వాళ్ళ కేసు వినేవారు. అవసరమైన చోట రిబ్బను తీసి ఒక ప్రశ్న అడిగి మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకునేవారు. ఇది ఆ వరండాలో కూర్చున్న కక్షిదారుల్లో ఒకాయన పెద్దకర్మ రోజు చెప్పాడు. పక్కనే ఉన్న పెద్దమ్మాయి "మా నాన్న వేసిన జడ సాయంత్రందాకా ఊడేది కాదు" అంది.

డెబ్బై దాటాక కూడా ఆయన చదువు ఆపలేదు. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు, పాత సెక్షన్లు ఒక పక్క, కొత్తవి ఒక పక్క వేసి పెద్దక్షరాల్లో ప్రింటు తీయించుకున్నారు. హత్యకి 302 పోయి 103 అయింది, మోసానికి 420 పోయి 318 అయింది. జీవితమంతా నోటికొచ్చిన నంబర్లు. వాటిని మళ్ళీ మొదటి నుంచి పిల్లాడిలా కంఠస్థం చేశారు. ఆయన పోయాక కోర్టు హాల్లో సంతాప సభ పెట్టినప్పుడు జడ్జి గారు కూడా ఈ సంగతే చెప్పారని గుమస్తాలు అన్నారు. ఆ రోజు మేం షాపు తీయలేదు. పనిమీద వచ్చి వెనక్కి వెళ్ళినవాళ్ళు మన్నించాలి.

ఇప్పుడు మా షాపు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. వీలునామా, పారీఖత్తు (ఆస్తి పంపకాల కాగితం), హక్కు విడుదల, అమ్మకం అగ్రిమెంటు, ఈ నాలుగూ ఇకమీదట మేం సొంతంగా డ్రాఫ్టు చేయం. లాయరు రాసిచ్చిన మ్యాటరు తెస్తే ఉన్నదున్నట్టు టైపు చేసిస్తాం. చెక్కు బౌన్స్ నోటీసులు కూడా లాయరు లెటర్‌హెడ్ మీద అయితేనే చేస్తాం. బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్ళాలి, ఒక్క రోజు దాటినా చెక్కు మీద ఆ కేసు నిలవదు. అలాంటివాటిలో తేదీ సరిచూసే మనిషి లేకుండా మేం చేయి పెట్టలేం. నెట్‌లో మోడల్ పెట్టి పేర్లు మార్చి ఇవ్వడం తేలికే. కొందరు కస్టమర్లు "ఇన్నాళ్ళూ చేశారుగా, ఇప్పుడేమైంది" అంటున్నారు. ఇన్నాళ్ళూ మా కాగితాల్లో బలం ఉన్నదంటే అది ఆయన చూపు పడడం వల్ల. మా టైపింగ్ వల్ల కాదు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సాక్షులు మాత్రం ఇద్దరుండాలి. ఇంతవరకు మాకు తెలుసు. కానీ రెండో భార్య పిల్లలున్న ఇంట్లో ఏ వాక్యం ఎలా రాయాలో, రేపు ఏ మాట పట్టుకుని ఎవరు కోర్టుకెక్కుతారో తెలిసింది ఆయనకే.

దీనివల్ల మా ఆదాయం బాగా తగ్గుతుంది. డ్రాఫ్టింగ్ మీద వచ్చేది చిన్న మొత్తం కాదు. అయినా జిరాక్స్, లామినేషన్ రేట్లు పెంచం, కుర్రాళ్ళెవరినీ తీసేయం. ఆయన దగ్గర జూనియర్‌గా చేసిన లాయరమ్మ గారిని వారంలో కొన్ని సాయంత్రాలు వచ్చి డ్రాఫ్టులు చూడమని అడిగాం. ఆవిడకి చిన్నపిల్లలున్నారు, ఆలోచించుకుని చెప్తానన్నారు. వస్తే ఆవిడ ఫీజు ఆవిడకి కస్టమరే విడిగా ఇవ్వాల్సి ఉంటుంది, అది ముందే బోర్డు మీద రాస్తాం.

చివరిగా ఆయన ఆఫీసులోని కేసు కట్టల విషయం. అమ్మాయిలిద్దరూ కూర్చుని ఏ పార్టీ కాగితాలు ఆ పార్టీ పేరుతో కవర్లలో పెట్టి సీలు వేశారు. ఒరిజినల్ దస్తావేజులు వాళ్ళింట్లోనే ఉన్నాయి, వాటిని వాళ్ళే స్వయంగా ఇస్తారు. జిరాక్సులు, కాపీలు ఉన్న కవర్లు మా షాపులో ఉన్నాయి. ఆధార్ కార్డు చూపించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకెళ్ళండి. కక్షిదారు రాలేని స్థితిలో ఉంటే ఉత్తరం రాసి, సంతకం పెట్టి ఇంట్లోవాళ్ళని పంపండి. ఉత్తి మాట మీద ఎవరికీ ఇవ్వం, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. మీ చుట్టాల్లో, మీ ఊళ్ళో ఆయన దగ్గర కేసు ఉన్నవాళ్ళుంటే ఈ సంగతి వాళ్ళకి చేరవేయండి. ఫోన్లు వాడని పెద్దవాళ్ళకి మరీ ముఖ్యంగా.