పచ్చడి డబ్బాతో పాటు రెండు ఫిల్టర్లు

నర్సంపేట,
ఆదివారం

బిడ్డా,

నిన్న ఫోన్లో సగం మాటలు వినపడలేదు. నువ్వున్న జామాయిల్ తోటలో సిగ్నల్ దొరికేది ఎప్పుడో, అందుకే రాస్తున్నాను.

రంపం మిషన్ పొద్దున బాగానే కోసి, పదకొండయ్యేసరికి పొగ వదులుతూ గుంజడం లేదన్నావు. కార్బురేటర్ విప్పుతానన్నావు. విప్పకు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు. దానికి పొట్టు పట్టుకుంటే గాలి తగ్గుతుంది, పెట్రోలు తగ్గదు. పొగ అందుకే, ప్లగ్గు నల్లబడేదీ అందుకే. ఇప్పుడు స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గించావనుకో, రేపు ఫిల్టర్ కడిగాక గాలి ఎక్కువవుతుంది. మన మిషన్‌కు ఆయిల్ పోయేది పెట్రోలుతోనే కదా, అది చాలక పిస్టన్ పట్టేస్తుంది.

పైమూత తీసే ముందు చోక్ వేయి. కార్బురేటర్ నోరు మూసుకుంటుంది, పొట్టు లోపల పడదు. చుట్టూ బ్రష్‌తో ఊడ్చి, ఆ తర్వాతే ఫిల్టర్ తీయి. మనది జాలీ రకం, గోరువెచ్చని సబ్బునీళ్లలో కడగొచ్చు. పూర్తిగా ఆరాకే బిగించు. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే లోపలి నుంచి బయటికి కొట్టించు, అదీ కొంచెం దూరం నుంచి. జాలీ చిరిగితే ఇక మొహమాటం లేదు, పారెయ్.

నా మొదటి మిషన్ ఎట్లా పోయిందో నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. ఎండాకాలం, పరకాల దగ్గర ఎండిన తుమ్మ కోస్తున్నాం. మిషన్ గుంజడం లేదని ఫిల్టర్ తీసి జేబులో వేసుకున్నాను. ఒక్కసారిగా కొత్త దానిలా అరిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడు రోజులు అట్లాగే నడిపాను. నాలుగో రోజు తాడు గుంజితే బిగువే లేదు. హన్మకొండలో మెకానిక్ పిస్టన్ తీసి నా చేతిలో పెట్టి, గోరుతో రాసి చూడమన్నాడు. నా గోరు గీతల్లో దిగింది. టూ స్ట్రోక్ ఇంజన్లో గాలి ముందు క్రాంకు ఉండే గదిలోకే పోతుందట, దుమ్ము బేరింగులనూ తింటుందట. ఫిల్టర్ మాత్రం చొక్కా జేబులో భద్రంగా ఉంది! మీ అమ్మ కమ్మలు బ్యాంకుకు పోయింది ఆ ఏడాదే. ఎందుకని నువ్వు అడిగితే, విత్తనాలకని చెప్పాం.

ఇంకో మాట. ఫిల్టర్ పూటకోసారి నిండుతోందంటే గొలుసు మొద్దుబారినట్టే. పదునున్న గొలుసు పేళ్లు రాలుస్తుంది, మొద్దుది పిండి చేస్తుంది. ఆ పిండే జాలీలో కూరుకుపోయేది. ట్యాంకు నింపినప్పుడల్లా పళ్లకు ఆకురాయి వేయి. పక్కవాళ్లు తొందరపెడితే పెట్టనీ.

ఫిల్టర్ ఆరేదాకా పని ఆపలేనంటావని తెలుసు. అందుకే రెండు కొత్తవి బస్సు కార్గోలో వేస్తున్నాను. ఒకటి ఆరుతుంటే ఇంకోటి పెట్టుకో. అదే డబ్బాలో అమ్మ మామిడికాయ పచ్చడి పెట్టింది. నూనె కారుతుందేమోనని ఫిల్టర్లను రెండు కవర్లలో చుట్టాను. అయినా ముందు వాటినే బయటికి తీయి.

మీ బాపు